రెండు రోజుల చుట్టం, అశోక్‌నగర్ గది



"అన్నా, ఎగ్జామ్ సెంటర్ సిటీల పడ్డది. రెండు రోజులు నీ రూముల ఉంటా."

2024 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకు హాల్‌టికెట్లు విడుదలయ్యాయి. హైదరాబాదులో అశోక్‌నగర్ గదుల్లో ఉండేవాళ్లకు ఇలాంటి రోజున ఇలాంటి ఫోను రావడం కొత్తేమీ కాదు. పరీక్ష డిసెంబరు 15, 16 తేదీల్లో. పోస్టులు 783. దరఖాస్తులు అయిదున్నర లక్షలకు పైనే. రాష్ట్రమంతటా 1,368 కేంద్రాలు. తనకు పడింది ఏ వీధిలోని ఏ బడో హాల్‌టికెట్ చేతికొచ్చేదాకా ఎవరికీ తెలియదు. తెలిసిన మరుక్షణం జిల్లాలో ఉన్నవాడికి గుర్తొచ్చేది హైదరాబాదులో గది ఉన్న దోస్తే.

ఆ రెండు రోజుల గురించే ఈ ప్రసంగం. ఊరి నుంచి వచ్చిన మిత్రుడిని పదడుగుల గదిలో ఎలా ఉంచుకోవాలి, ఏం పెట్టాలి, ఎప్పుడు పలకరించాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ మనుషులకు మాత్రం ఇది ఏళ్ల తరబడి చేసి చేసి నేర్చుకున్న విద్య.

తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు ఆ మాటకు అర్థం చెబుతారు. అశోక్‌నగర్ అతిథికి తిథి ఉంటుంది. అది హాల్‌టికెట్ మీద అచ్చయి ఉంటుంది. చిక్కల్లా ఆ తిథి నిలవకపోవడమే. ఇదే గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరు 29న వచ్చింది. పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 అన్నారు. గురుకుల ఉద్యోగ పరీక్షలతో ఊపిరాడడం లేదని అభ్యర్థులు రోడ్డెక్కారు. నవంబరు 2, 3కు జరిపారు. అంతలో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. 2024 జనవరి 6, 7 అన్నారు. ప్రభుత్వం మారింది, సర్వీస్ కమిషన్ సభ్యులు తప్పుకున్నారు. తేదీ ఆగస్టు 7, 8కి పోయింది. దానికి ముందు రోజుల్లోనే టీచరు ఉద్యోగాల డీఎస్సీ పరీక్షలు పడ్డాయి. మళ్లీ ఆందోళనలు, మళ్లీ వాయిదా. అయిదో తేదీకి గానీ పరీక్ష జరగలేదు.

ఇందులో పేపర్లకెక్కని సంగతి ఒకటుంది. తేదీ జరిగినప్పుడల్లా వస్తానన్న మిత్రుడి రాకా జరిగింది. గదిలో అతని కోసం ఖాళీ చేసిన జాగా మళ్లీ పుస్తకాలతో నిండింది. రూమ్మేటుతో చేసుకున్న ఒప్పందం మళ్లీ మొదటికొచ్చింది. "ఈసారి పక్కానా?" అన్న ప్రశ్న అయిదుసార్లు అడగాల్సి వచ్చినా విసుక్కోని ఆతిథేయి ఎంత మంచివాడో అర్థం చేసుకోవాలంటే, ఆ ఏడాదిన్నర కాలంలో అతను కూడా అదే పరీక్షకు చదువుతున్నాడని గుర్తుంచుకోవాలి.

గ్రూప్-1 మెయిన్స్ సంగతి ఇంకా పెద్దది. 2024 అక్టోబరు 21 నుంచి 27 దాకా, ఏడు రోజులు, ఏడు పేపర్లు. అర్హత పొందినవాళ్లు 31 వేలకు పైగా. కేంద్రాలన్నీ హైదరాబాదు, దాని చుట్టుపక్కలే. ఆదిలాబాదువాడైనా అలంపూర్‌వాడైనా ఇక్కడికి రావాల్సిందే. రెండు రోజుల చుట్టరికం వారం రోజులైంది. అదీ ఎలాంటి వారం! పరీక్షలకు ముందటి రోజుల్లో అశోక్‌నగర్ వీధుల్లో నిరసనలు, పోలీసు బందోబస్తు, రాత్రిపూట నినాదాలు. "మెయిన్ రోడ్డు దిక్కు రాకు, ఎనక గల్లీల నుంచి రా" అని మిత్రుడికి దారి చెప్పడం కూడా ఆ రోజుల్లో ఆతిథ్యంలో భాగమే.

ఇంతకీ అందరూ ఈ మూడు పేటలకే ఎందుకు వస్తారు? ఒక కారణం కోచింగ్ సెంటర్లు, స్టడీ సర్కిళ్లు. అది అందరికీ తెలిసిందే. రెండోది భూగోళం. 2020 ఫిబ్రవరి 7న మొదలైన మెట్రో గ్రీన్ లైన్ పొడవు 11 కిలోమీటర్లు, స్టేషన్లు తొమ్మిది. ఒక కొస జూబ్లీ బస్టాండ్, మరో కొస మహాత్మా గాంధీ బస్టాండ్, అంటే జనం నోట్లో ఇమ్లీబన్. నడుమ ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరసగా ఉన్నాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ బస్సుల్లో వచ్చినవాళ్లు జూబ్లీ బస్టాండ్‌లో దిగి ఎక్కితే అయిదో స్టేషన్ చిక్కడపల్లి. మహబూబ్‌నగర్, నల్లగొండ బస్సుల్లో వచ్చినవాళ్లు ఇమ్లీబన్‌లో ఎక్కితే మూడోది. రైల్లో వచ్చేవాళ్లకు 1916 నాటి కాచిగూడ స్టేషన్ నారాయణగూడకు కూతవేటు దూరం. తెలంగాణ జిల్లాలు రాజధానిలో అడుగుపెట్టే గుమ్మాల మధ్య ఉన్న పేట ఇది. చుట్టాలు రాక ఎక్కడికి పోతారు?

అయినా మొదటిసారి వచ్చినవాడు తప్పిపోతాడు. రాత్రంతా ప్రయాణం చేసిన బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకో అయిదుకో దింపేస్తుంది. మెట్రో ఆరింటికి గానీ కదలదు. ఆ గంట, గంటన్నరా ఎక్కడ కూర్చోవాలో ముందే చెప్పే ఆతిథేయి సగం పని చేసినట్టే: ఫలానా ప్లాట్‌ఫారం దగ్గర ఉండు, ముఖం కడుక్కో, చాయ్ తాగు, ఆటోవాడు ఎంత అడిగినా ఎక్కకు. క్యాబ్ ఎక్కేవాళ్లతో ఇంకో తిరకాసు ఉంది. ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన ఉంది. 2023 ఆగస్టు 19న తెరిచారు. 450 కోట్ల రూపాయల పని. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర మెట్రో లైన్‌కు కూడా పైనుంచి పోతుంది. ఇందిరా పార్కు దగ్గర డ్రైవరు పొరపాటున ఆ వంతెన ఎక్కించాడంటే అశోక్‌నగర్ కింద ఉండిపోతుంది, మిత్రుడు వీఎస్‌టీ దగ్గర తేలతాడు. "బ్రిడ్జి ఎక్కొద్దని చెప్పు, కిందనుంచే రమ్మను" అని ఫోన్లో డ్రైవరుతో మాట్లాడే గొంతులు ఆ చౌరస్తాలో ఇప్పుడు మామూలే.

ఆడపిల్లల రాకపోకలను మార్చినది ఇంకొకటి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు చార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. పరీక్ష రాయడానికి వచ్చే స్నేహితురాలికి రానుపోను ఖర్చు తగ్గింది. ఒక్క సంగతి ముందే చెప్పాలి: కార్డు మీద తెలంగాణ చిరునామా ఉండాలి. కర్నూలు నుంచో విజయవాడ నుంచో వచ్చే నేస్తం టికెట్ కొనాల్సిందే. ఇలాంటి చిన్న మాట ముందు చెప్పకపోతే బస్సులో కండక్టరు ముందు ఆ పిల్ల చిన్నబోతుంది.

ముందే చెప్పడం! ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది అదే. పాతకాలపు మర్యాదలో లేనిది లేదని చెప్పడం తప్పుగా ఉండేది. ఇంట్లో బియ్యం నిండుకున్నా పక్కింటి నుంచి దొడ్డిదారిన తెచ్చి వండి పెట్టడం గొప్పగా ఉండేది. ఆ మనసు గొప్పదే. కానీ ముగ్గురు షేరింగ్ గదిలో దాచడానికి దొడ్డిదారి లేదు. రెండు మంచాలో మూడు మంచాలో, వాటి మధ్య ఒక చాప పట్టే నేల. కామన్ బాత్‌రూము, పొద్దున ఏడు దాటితే వరస. అందుకని ఇక్కడ మంచి ఆతిథేయి ఫోన్లోనే విప్పి చెబుతాడు: "కింద పండాలె. చాప ఉన్నది, దుప్పటి తెచ్చుకో, డిసెంబరుల చలి గట్టిగుంటది. దోమలు మస్తుంటయ్. స్నానం ఆరు గంటల లోపల చేసెయ్యాలె." దోమల మాట ఊరికే అన్నది కాదు. హుస్సేన్ సాగర్ మిగులు నీరు మోసుకుపోయే నాలా దోమలగూడ, అశోక్‌నగర్ పక్కనుంచే మూసీ వైపు సాగుతుంది. ఈ మాటలు విన్న మిత్రుడు నొచ్చుకోడు. తయారై వస్తాడు. తయారై వచ్చినవాడికి నేల మీద నిద్ర హాయిగా పడుతుంది. ఏమీ చెప్పకుండా రమ్మని, వచ్చాక మొహమాటపడి, తన మంచం ఇచ్చి తాను మెలకువగా కూర్చున్నవాడి వల్ల ఇద్దరి పరీక్షా పాడవుతుంది.

హాస్టల్‌కూ హాస్టల్‌కూ పద్ధతి వేరు. చాలాచోట్ల గెస్టుకు రోజుకింత అని తీసుకుంటారు. ఆధార్ జిరాక్స్ అడుగుతారు. ఆడపిల్లల హాస్టళ్లలో రాత్రి గేటు వేళ దాటితే లోపలికి రానివ్వరు. హాస్టల్ నడిపే ఆంటీకి ముందురోజే చెప్పి ఉంచాలి. తెలియకుండా దాచిపెట్టి ఉంచుదామనుకునేవాళ్లూ ఉంటారు. దానికన్నా ఆ గెస్టు చార్జీ కట్టేయడం నయం. పరీక్ష ముందటి రాత్రి గుమ్మంలో నిలబడి వాదించుకోవాల్సి రావడం కంటే పెద్ద శిక్ష ఉండదు. ఆ చార్జీ ఎవరు కట్టాలన్నది స్నేహాన్ని బట్టి. వచ్చినవాడు తానే కడతానంటే కట్టనివ్వడం కూడా మర్యాదే. రెండు రోజులు ఒకరి నేల వాడుకున్నవాడికి తన వంతు ఇచ్చానన్న తృప్తి ఉండాలి.

ఇక తిండి. అశోక్‌నగర్ వంటిల్లు అంటే ఒక రైస్ కుక్కర్, ఒక గిన్నె, పక్క వీధిలో కర్రీ పాయింట్. అన్నం గదిలో ఉడుకుతుంది. పప్పు, వేపుడు, పులుసు, పెరుగు పొట్లాలుగా వస్తాయి. ఇంకో మనిషి వచ్చాడంటే కుక్కర్లో ఒక గ్లాసు బియ్యం, కర్రీ పాయింట్‌లో ఒక పొట్లం ఎక్కువ. ఖర్చు చిన్నదే, వేళ పెద్దది. గ్రూప్-2 రోజుకు రెండు పేపర్లు: పొద్దున 10 నుంచి 12.30, మధ్యాహ్నం 3 నుంచి 5.30. గేటు 9.30కు మూసేస్తారు, మధ్యాహ్నం 2.30కు. నిమిషం దాటితే ఏడ్చినా తీయరు. కేంద్రం నగరం ఆ చివరన ఉంటే ఎనిమిదింటికల్లా గది దాటాలి. అప్పటికి కడుపులో ఏదో పడాలి. ఆ రోజు కొత్త రుచులు చూపించే రోజు కాదు. ఇడ్లీయో, ఉప్మాయో, పెరుగన్నమో. నడుమ రెండున్నర గంటల విరామంలో హోటల్ వెతుక్కోకుండా చిన్న డబ్బాలో పులిహోర కట్టిచ్చే దోస్తు ఉంటే ఆ అభ్యర్థి అదృష్టవంతుడు.

బిర్యానీ ఆగుతుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు వచ్చి బావర్చి చూడకుండా పోకూడదని ఊరివాడికి ఉంటుంది. నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో దోసె తినాలనీ ఉంటుంది. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల పేర్లు చిన్నప్పటి నుంచి సినిమా ప్రకటనల్లో చదివి ఉంటాడు. ఇవన్నీ పదహారో తేదీ సాయంత్రం 5.30 తర్వాత. ముందు కాదు. ఈ విషయంలో ఆతిథేయి కాస్త గట్టిగా ఉండక తప్పదు. పరీక్ష ముందటి సాయంత్రం ఫస్ట్ షోకు లాక్కెళ్లే ప్రేమ కంటే, "ఎగ్జామ్ అయినంక చూద్దాం, ఇయ్యాల పడుకో" అనే ప్రేమ ఎక్కువ.

ఆ ముందటి రోజు గది ఇరుకైతే వెళ్లడానికి చోటుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. పేరుకు గ్రంథాలయమే కానీ అక్కడికి వచ్చే యువతలో ఎక్కువమంది తమ పుస్తకం తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది కుర్చీ, బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. హాల్లో చోటు దొరకకపోతే ఆవరణలో చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని చదువుతారు. జిల్లా నుంచి వచ్చిన మిత్రుడిని ఒక్క పూట అక్కడ కూర్చోబెట్టడం వేరే రకం ఆతిథ్యం. ఇంటి దగ్గర ఒంటరిగా చదువుకున్నవాడు అంతమందిని ఒకేచోట చూస్తాడు. కొందరికి గుండె జారుతుంది. కొందరికి, ఇంతమందీ నాలాంటివాళ్లే కదా అని ధైర్యం వస్తుంది. తన మిత్రుడు ఏ రకమో తెలిసినవాడే తీసుకెళ్లాలో వద్దో చెప్పగలడు.

ఇక్కడ ఇంకో నాజూకు సంగతుంది. ఆతిథేయి, అతిథి ఇద్దరూ ఆ 783 పోస్టులకే పోటీ. మామూలు ఇళ్లలో చుట్టం వస్తే ఇంటివాడికి పోయేది ఏమీ లేదు. ఇక్కడ తన చాప మీద పడుకుని, తన నోట్సు చదివి, తన కుక్కర్లో అన్నం తిన్నవాడు తనకన్నా రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకోవచ్చు. అయినా నోట్సు ఇస్తారు. మీదపడి అడగకముందే, "ఎకానమీల ఈ నాలుగు పేజీలు సూడు, గిక్కడి నుంచే వస్తున్నయ్" అని చేతిలో పెడతారు. ఈ గదుల్లో ఇది రోజూ జరిగే పని కాబట్టి ఎవరూ గుర్తించరు. గుర్తించాలి. రాష్ట్రంలో ఇంత పెద్ద పోటీ, ఇంత చిన్న గదిలో, ఇంత మర్యాదగా నడుస్తోందంటే అది ఈ పిల్లల సంస్కారం వల్లే.

ఒక కట్టుబాటు మాత్రం అందరూ పాటిస్తారు. పేపర్ల మధ్య జవాబులు పోల్చుకోకూడదు. మొదటిరోజు రాత్రి "ఆ ప్రశ్నకు నువ్వేం పెట్టినవ్?" అన్న మాట గదిలో రాకూడదు. వచ్చిందా, తెల్లారేదాకా ఇద్దరికీ నిద్ర ఉండదు.

చదువు కోసం వచ్చినవాళ్లకు గూడు ఇవ్వడం ఈ నగరానికి నిన్న మొన్న అబ్బింది కాదు. కోస్తాలో టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించిన సంగతి అందరూ చెప్పుకుంటారు. పేద పిల్లలు రోజుకొక ఇంట్లో భోంచేస్తూ వారాలు చేసుకుని చదివిన ఊళ్లు తెలుగునాట ఎన్నో. నిజాం కాలపు హైదరాబాదులో తెలుగు జిల్లాల పిల్లవాడికి అలాంటి ఇల్లు దొరకడం కూడా కష్టమే. బడిలో ఉర్దూ, బజారులో ఉర్దూ. అందుకే 1918లో రాజా బహదూర్ వెంకట రామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. 1926లో గోల్కొండ పత్రిక పెట్టారు. రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్లో ఉండి చదివినవారే. తర్వాత తర్వాత కాచిగూడలో మున్నూరుకాపు, వైశ్య హాస్టళ్లు, హిమాయత్‌నగర్‌లో గౌడ హాస్టల్ వచ్చాయి. కులం పేరుతో కట్టిన ఈ ఇళ్లకు పరిమితులు ఉన్నాయి, అది నిజం. ఊరు వదిలి వచ్చిన పిల్లవాడికి మొదటి రాత్రి తల దాచుకునే చోటు ఇచ్చాయన్నదీ అంతే నిజం.

నారాయణగూడ వంతు వేరుగా చెప్పాలి. మాడపాటి హనుమంతరావు తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాలను 1928లో మొదలుపెట్టారు. నారాయణగూడలో ఆయన పేరు మీద ఆ బడి ఇప్పటికీ ఉంది. ఆయనే 1951లో హైదరాబాదు మేయరు అయ్యారు. 1954లో వచ్చిన రెడ్డి మహిళా కళాశాల కూడా నారాయణగూడదే. పల్లెల నుంచి ఆడపిల్లలను చదువుకు పంపాలంటే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న "అక్కడ మనవాళ్లు ఎవరున్నారు?" అని. ఈ బడి, ఈ కాలేజీ చుట్టూ ఉన్న ఇళ్లే ఎందరికో ఆ ప్రశ్నకు జవాబయ్యాయి. నడిచి వెళ్లేంత దూరంలో సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న అది పుట్టింది కూడా ఒక ఇంట్లోనే, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు దానికి తోడు నిలిచారు. తన ఇంట్లో ఒక గది ఇవ్వడంతో ఎంత పని మొదలవుతుందో చూడాలనుకున్న మిత్రుడికి మెట్రోలో ఒకటి రెండు స్టేషన్ల ప్రయాణం చాలు.

అందరూ పరీక్షలకే రారు. చిక్కడపల్లిలో పాత కాపురస్తులకు వేరే చుట్టాలున్నారు. కథల పుస్తకం అచ్చేసుకుని ఆవిష్కరణకు వచ్చే స్నేహితుడు ఒకడు. అతనికి శ్రీ త్యాగరాయ గానసభే గమ్యం. అక్కడ సాయంత్రమైతే ఒక హాల్లో పుస్తకావిష్కరణ, మరో హాల్లో పాటల కచేరీ, ఇంకోచోట పిల్లల నాట్యం. టికెట్ గొడవ దాదాపుగా ఉండదు. సభ ముగిశాక రాత్రి తొమ్మిదింటికి ఆ స్నేహితుడికి వేడి అన్నం, చారు, అప్పడం చాలు. దండలు, శాలువలు గోడకు తగిలించి, సభలో ఎవరేం మాట్లాడారో పన్నెండు దాకా చెబుతుంటే వినే మనిషి ఉండాలి. అది విందు కన్నా పెద్దది.

గాంధీ ఆసుపత్రికి వచ్చే మిత్రుడి సంగతి వేరు. ఆ ఆసుపత్రి ముషీరాబాదు వైపే ఉంది, మెట్రోలో చిక్కడపల్లి నుంచి మూడో స్టేషన్. తల్లినో భార్యనో అక్కడ చేర్పించి, పగలంతా కారిడార్లో నిలబడి రాత్రికి చేరే మనిషికి ప్రశ్నలు వద్దు. వేణ్నీళ్లు, ఉతికిన లుంగీ, ఫోన్ చార్జరు, పొద్దున ఫ్లాస్కులో పాలు. ఇంటి తాళంచెవి ఒకటి అతని చేతికి ఇచ్చేస్తే ఏ రాత్రి ఎప్పుడొచ్చినా తలుపు కొట్టి లేపాల్సిన మొహమాటం ఉండదు.

పుస్తకాల పిచ్చి ఉన్న మిత్రుడు వస్తే ఈ పేటలు చాలవు. హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమి ఉంది. 1968లో ఏర్పడింది, పి.వి. నరసింహారావు మొదటి అధ్యక్షులు. పోటీ పరీక్షలవాళ్లు ఊరికి తిరిగి వెళ్లేటప్పుడు సంచీలో ఈ అకాడమి పుస్తకాలు లేకుండా వెళ్లడం అరుదు. కాచిగూడ చౌరస్తాలో నవోదయ బుక్ హౌస్. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. దాని ఉర్దూ గ్రంథ సంపద 2000 ఆగస్టు వరదలో మునిగింది. ఆ కాగితాలను మళ్లీ ఎండబెట్టి, బాగుచేసి నిలబెట్టుకున్నారు. ఒక్క పూటలో ఇవన్నీ చూపించాలని తాపత్రయపడితే మిత్రుడు అలిసిపోతాడు. ఒక్కటి ఎంచుకోవాలి. అతను వంగి పుస్తకం తిరగేస్తుంటే గడియారం చూడకుండా పక్కన నిలబడాలి.

మళ్లీ ఆ డిసెంబరు గదికి వద్దాం. పరీక్షకు హాజరైనవాళ్లు సగం కన్నా తక్కువని తర్వాత లెక్క తేలింది. నాలుగుసార్లు తేదీ మారేలోపు కొందరికి ఇంకో ఉద్యోగం వచ్చి ఉంటుంది, కొందరు ఆశ వదులుకుని ఉంటారు. అంటే, వస్తానని రాని మిత్రుడి కోసం అడిగి తెచ్చిన చాపలు కూడా కొన్ని గదుల్లో చుట్టినవి చుట్టినట్టే ఉండిపోయి ఉంటాయి. రానివాడికి ఆ రాత్రి ఫోన్ చేసి, "ఎట్లున్నవ్‌రా?" అని మాత్రమే అడిగి, పరీక్ష ఊసు ఎత్తని దోస్తు కూడా ఆతిథ్యం ఇచ్చినవాడే.

వచ్చినవాడి నాలుగో పేపరు పదహారో తేదీ మధ్యాహ్నం. విషయం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 5.30కు గేటు తెరుచుకుంటుంది. నాలుగు పేపర్లు, ఆరు వందల మార్కులు, రెండేళ్ల చదువు ఆ క్షణానికి దిగిపోతాయి. ఇద్దరూ వేర్వేరు కేంద్రాల నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మెట్రో కింద కలుసుకుంటారు. మధ్యాహ్నమంతా పాఠంగా రాసిన ఉద్యమం నడిచిన వీధులే ఇవి. ధర్నాలు జరిగిన ఇందిరా పార్కు ఆ పక్కనే. ఆ మాట ఇద్దరిలో ఒకరికైనా తడుతుంది. బావర్చిలో కూర్చుని ఒక సింగిల్ బిర్యానీ, ఒక ఫుల్ బిర్యానీ చెప్పి, మొదటి ముద్ద దాకా ఎవరూ మాట్లాడరు. తర్వాత ఇక ఆగరు. ఏ ప్రశ్న తప్పో, ఏది ఒప్పో ఇప్పుడు చెప్పుకోవచ్చు.

రాత్రి మెట్రోలో మిత్రుడిని జూబ్లీ బస్టాండ్ దాకా దింపి, బస్సు కదిలేదాకా నిలబడి, తిరిగి గదికొచ్చేసరికి పదిన్నర అవుతుంది. నేల మీద చాప అలాగే ఉంటుంది. దాన్ని దులిపి, చుట్టి, పై అంతస్తు గదిలో ఇచ్చిరావాలి. రేపు పొద్దున వాళ్లింటి నుంచి తమ్ముడు వస్తున్నాడట.